ఉత్సర్గ సమితియు పెరటి ఆకులును

జైన ధర్మమున మునులకు విధింపబడిన సమితులు ఐదు. చూచి నడచుట ఈర్యా సమితి. తూచి పలుకుట భాషా సమితి. శోధించి ఆహారమును గ్రహించుట ఏషణా సమితి. వస్తువును తీయునప్పుడును పెట్టునప్పుడును జాగ్రత్తపడుట ఆదాన నిక్షేపణ సమితి. ఈ నాలుగింటిని గూర్చి ఉపన్యాసములలో చాలసేపు చెప్పుదురు. ఐదవదియగు ఉత్సర్గ సమితి దగ్గరకు వచ్చుసరికి వక్త కొంచెము తొందరపడును. మలమూత్రాదులను, పనికిరాని వస్తువులను జీవులు లేని చోట చూచి విడుచుటయే గదా అది! సభలో విస్తరించి చెప్పదగిన సంగతి కాదని అతని యభిప్రాయము కాబోలు. కాని అణువ్రతములు గైకొన్న గృహస్థుని దినచర్యలో మాటిమాటికి ఎదురగునది ఈ ఐదవదే. ఇంటికి వచ్చు ధాన్యమును జల్లించి, నీటిని వడకట్టి, కూరను విప్పి చూచుకొను శ్రావకుడు, ఇంటినుండి వెడలు దానిని మాత్రము గుమ్మము దాటగానే మరచిపోవును. గుమ్మము దాటినంతమాత్రమున కర్మబంధము తెగిపోవునా?

ఈ ప్రశ్నకు నరసాపురము వంటి ఊరి పెరడే చక్కని పరీక్షాస్థలము. బెంగుళూరునుండి కోలారునకు పోవు పెద్దదారిలో ఆ ఊరున్నది. కన్నడమును తెలుగును ఒకే నాలుకపై ఆడు సీమ అది. జైన ధర్మమునకు క్రొత్త సీమయు కాదు. కోలారే పూర్వపు కువలాలము. పశ్చిమ గంగరాజుల తొలి రాజధాని. ఆ వంశమును నిలిపినవారికి సింహనంది ఆచార్యుడు తోడ్పడెనని తరువాతి శాసనములు చెప్పుచున్నవి. నరసాపురము చుట్టును రాగి చేలు, మల్బరీ తోటలు, నీలగిరి తోపులు ఉండెడివి; ఇప్పుడు మోటారు సైకిళ్లును చేతి ఫోనులును తయారగు కార్ఖానాలు కూడ వెలసినవి. వాటి ముందర పచ్చికబయళ్లు, కత్తిరించిన కంచెలు. ఊరిలో ఇండ్ల వెనుక కానుగ, వేప, కొబ్బరి, మామిడి. మాఘ ఫాల్గుణములలో కానుగయు వేపయు ఆకు రాల్చును. మామిడి కాపు దిగిన పిమ్మట కొమ్మలు కత్తిరింతురు. కొబ్బరి మట్టలు ఏడాది పొడుగునను రాలును. పెరడు శుభ్రము చేసిన సాయంకాలము గేటు ప్రక్కన మనిషెత్తు కుప్ప నిలుచును. కూలివాడు కొడవలి కడిగికొని, "దీనినేమి చేయమందురయ్యా?" అని అడుగును.

యజమాని ఆ ప్రశ్నకు సాధారణముగా ఆలోచించి జవాబు చెప్పడు. నిప్పు పెట్టుమనును, లేదా చెరువు గట్టు దిగువన పడవేయుమనును. ఈ రెండు మాటలలో ఎంత హింస దాగియున్నదో విచారింపవలెను.

మొదట నిప్పు. శ్వేతాంబర సంప్రదాయమున అంగములలో మొదటిదియగు ఆచారాంగము, దాని మొదటి అధ్యయనముననే అగ్నికాయ జీవులను గూర్చి చెప్పుచు, నిప్పు రగిల్చువాడు నిప్పును మాత్రమే కాక మరి వేటిని చంపుచున్నాడో లెక్కించినది. నేలను ఆశ్రయించినవి, గడ్డిని ఆశ్రయించినవి, ఆకును, కట్టెను, పేడను, చివరకు ఊడ్చి పోసిన చెత్తను ఆశ్రయించి బ్రదుకునవి అని వరుసగా పేర్కొన్నది. రెండువేల యేండ్లకు పూర్వపు గ్రంథము చెత్తకుప్పను ప్రత్యేకముగా పేర్కొనుటలోని సూక్ష్మదృష్టి గమనింపదగినది. ఆకుకుప్పను రెండు దినములు గేటు ప్రక్కన ఉంచి మూడవనాడు మెల్లగా తొలగించి చూచినచో ఆ జాబితా కన్నుల యెదుట నిలుచును. వానపాము, నత్త రెండింద్రియముల జీవులు. చీమ, చెదపురుగు మూడింద్రియములవి. తేలు, సాలెపురుగు నాలుగింద్రియములవి. నీడకై చేరిన బల్లియు, నలికండ్ల పామును పంచేంద్రియములు. ఒక్క అగ్గిపుల్ల వీటన్నింటిని ఒకేసారి తాకును.

భగవతీ సూత్రమున కాలోదాయి అడిగిన ప్రశ్న యొకటి ఉన్నది. నిప్పు రగిల్చువాడు, దానిని ఆర్పువాడు, ఈ ఇరువురిలో ఎవనికి అధిక కర్మబంధము కలుగునని అతడు మహావీరస్వామిని అడిగెను. రగిల్చువానికే అధికమని స్వామి సమాధానము. ఆర్పువాడును కొంత హింస చేయుచున్నాడు. అయినను రగిల్చువాడు ఆరు కాయములలో ఎక్కువవానిని బాధించుచున్నాడు. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో బొగ్గులు కాల్చు వృత్తి మొదటిది. అడవికిని బీటికిని నిప్పు పెట్టుట పదుమూడవది. పెరటి కుప్ప అడవి యెట్లగునని వాదించువారుందురు. ఏనుగు కంటికి అది చెత్తకుప్ప. చీమ కంటికి అరణ్యమే.

ఇంకొక వాదము కూడ వినబడును. ఎండిన ఆకు అచిత్తము, దానిలో వనస్పతి జీవము లేదు, కనుక కాల్చిన దోషము లేదని. మొదటి రెండు మాటలు నిజమే. కాని ఇల్లు అచిత్తమైనంత మాత్రమున అందులోని వారితో సహా కాల్పవచ్చునా?

నిప్పువలన భూమికి కలుగు నష్టము వేరు. ఆకులోని కర్బనమును నత్రజనియు పొగలో పోవును. పొటాషు, సున్నము మొదలగునవి కొంత బూడిదగా మిగులును. అనగా చెట్టు ఏడాదిపాటు నేలనుండి తీసికొన్నదానిలో ముఖ్యభాగము అరగంటలో ఆకాశము పాలగును. ఆ పొగలోని సన్నని నలుసు పసిపిల్లల ఊపిరితిత్తులలో దిగును. లోక శాసనము కూడ ఈ విషయమున ధర్మశాస్త్రము వైపునకే వచ్చినది. 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు తోట చెత్తను వేరుగా ఉంచవలెననియు, బయట కాల్పరాదనియు విధించినవి. ఆ సంవత్సరమే డిసెంబరులో జాతీయ హరిత ధర్మాసనము చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినవారికి 25,000 రూపాయలు చెల్లింపు నిర్ణయించినది. జరిమానాకు భయపడి మానిన అహింస తక్కువ రకమే. అయినను చీమకు ఆ తేడా తెలియదు.

రెండవది చెరువు. కోలారు జిల్లాలో జీవనది లేదు. ఏటి వాన సుమారు 750 మిల్లీమీటర్లు. పూర్వులు గొలుసుకట్టుగా చెరువులు త్రవ్వుకొని బ్రదికిరి. తరువాత బోరుబావులు వేయి అడుగులు దాటి దిగినవి, చెరువులు ఎండినవి. ఎండిన చెరువు గృహస్థుని కంటికి చెత్త పోయు పల్లముగా కనబడును. 2018లో బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల-చల్లఘట్ట లోయ పథకము క్రింద కోలారు చెరువులకు ఎక్కించిరి. దినమునకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అని దాని సంకల్పము. నరసాపురపు చెరువు మొదట నిండినవానిలో ఒకటి. ఆ జూలైలోనే లక్ష్మీసాగరపు చెరువులో నురుగు కనబడగా వివాదము న్యాయస్థానమునకు పోయెను. నీరు కొంతకాలమాగి మరల సాగెను. ఆ నీరు ఇంకను ఎంత శుద్ధి కావలెనను చర్చ అప్పటినుండి సాగినదే. ఒక నగరము విడిచినది ఇంకొక సీమకు జీవనమగుచున్నది. విడుచువాడు ఎంత శుద్ధిగా విడిచెనో పుచ్చుకొనువానికి అంతే శుద్ధిగా అందును. ఇంతకంటె ఉత్సర్గ సమితికి పెద్ద వ్యాఖ్యానమేమున్నది?

అట్టి నీటి అంచున పచ్చి కత్తిరింపులు బండ్లకొలది పోసినచో ఏమగును? ఆకు నీటిలో క్రుళ్లును. క్రుళ్లుటకు నీటిలోని ప్రాణవాయువు ఖర్చగును. వేకువజామున ఆ వాయువు మిక్కిలి తగ్గి చేపలు పైకి తేలి నోరు తెరచును. కొన్ని చచ్చును. చెరువులను, మడుగులను ఎండగొట్టుట పదునాలుగవ కర్మాదానము. ఎండగొట్టక పూడ్చినను, ఊపిరాడకుండ చేసినను ఫలము దానికి దగ్గరిదే.

విడుచునప్పుడు చూడకుండుటకు ఈ జిల్లాలోనే మరియొక నిదర్శనము పర్వతాకారముగా నిలిచియున్నది. కోలారు బంగారు గనులలో నూట ఇరువది ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము తీసిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. బంగారము ఎక్కడెక్కడికో పోయినది. రాతిని నూరి సయనైడుతో కడిగిన పిండి మాత్రము కోట్ల టన్నుల దిబ్బలుగా ఊరి మధ్యనే మిగిలినది. గాలి వీచినప్పుడు ఆ ధూళి ఇండ్లమీద పడును. ఆ దిబ్బపై గడ్డి మొలచుటయే కష్టము. పెరటి కుప్పకును ఆ దిబ్బకును గల భేదము చూడుడు. అది ఎంతకాలమున్నను మట్టి కాదు. ఆకు ఒక్క ఏడాది ఓపిక పట్టినచో తనంతట మట్టియగును. మట్టి కాగల దానిని బూడిద చేయుట, దొరికిన పుణ్యమును పారవైచుట.

లేశ్యలను బోధించుటకు నేరేడుచెట్టు కథ ప్రతి పాఠశాలలోను చెప్పుదురు. ఆరుగురు బాటసారులు ఆకలిగొని నేరేడుచెట్టును చూచిరి. చెట్టును వేళ్లతో పెకలింతమని ఒకడనెను. మ్రాను నరుకుదమని రెండవవాడు, పెద్ద కొమ్మలు నరుకుదమని మూడవవాడు, రెమ్మలు త్రుంచుదమని నాల్గవవాడు, పండ్లు మాత్రము కోయుదమని ఐదవవాడు అనిరి. నేల రాలిన పండ్లు చాలునని ఆరవవాడనెను. కృష్ణలేశ్యనుండి శుక్లలేశ్య వరకు ఇదియే క్రమము. కథ ఇక్కడ ఆగును. వారు తిని పోయిన తరువాత ఆ చెట్టు క్రింద ఏమి మిగులునని ఎవరును అడుగరు. అడుగవలెను. మొదటివాని వెనుక ఒక మహావృక్షము చెత్తగా పడియుండును. మూడవవాని వెనుక బండెడు కొమ్మలు. ఐదవవాని వెనుక తొడిమలు. ఆరవవాని వెనుక గింజలు మాత్రమే; అవియు వానకు మొలచును. మనుష్యుని లేశ్యను అతడు తిన్నదానినిబట్టి కాక, విడిచినదానినిబట్టి కొలిచినను ఇదే వరుస వచ్చును. కాబట్టి తోట చెత్తను ఏమి చేయవలెనను ప్రశ్నకు ముందు, ఇంత చెత్త ఏల చేయవలెనను ప్రశ్న ఉన్నది. నిష్ప్రయోజనముగా నేల త్రవ్వుట, నీరు పోయుట, నిప్పు పెట్టుట, మొక్క కోయుట ఇవన్నియు ప్రమాదచర్య యని, అది అనర్థదండములలోనిదని సమంతభద్రాచార్యులు రత్నకరండకమున చెప్పియున్నారు. పొరుగింటి కంచె నునుపుగా ఉన్నదని తన కంచెను నెలనెల గొరుగుట ఈ కోవలోనిదే. ఆకు రాలుట చెట్టుకు సహజము. చెట్టు క్రింద ఆకు ఉండుట అశుభ్రమని ఎవరు నేర్పిరో!

రాలిన ఆకును రాలినచోటనే ఉంచుట మొదటి మార్గము, ఉత్తమ మార్గము. మామిడి పాదులో, మొదలునకు జానెడు ఎడము విడిచి, మూడు నాలుగంగుళాల మందమున ఎండుటాకు పరచినచో ఎండవేళ నేల తడి ఆరదు, కలుపు తక్కువగును, వాన చినుకు ఎర్రమట్టిని కొట్టుకొని పోనీయదు. నీటికి ముఖము వాచిన కోలారు సీమలో ఇది చిన్న లాభము కాదు. నీరు ఆదా యగుట అప్కాయ జీవుల రక్షణ కూడ. కలుపు తగ్గుట త్రవ్వకము తగ్గుట. అది పృథ్వీకాయ రక్షణ.

కానుగ రొట్టను రాగి చేలకు తోలుట రైతులెరిగిన పనియే. ఆ ఆకులో నత్రజని హెచ్చు. కొబ్బరి మట్టల ఈనెలు చీపుర్లగును, మట్టలు దడులగును. లావు కొమ్మలు పందిళ్లకును, కంచె గుంజలకును పనికివచ్చును. నీలగిరి ఆకు మాత్రము మొండిది. దాని నూనెవలన తొందరగా చివుకదు. లేతమొక్కల మొదట పరవక బాటలమీద పరచుట మేలు. వయ్యారిభామను పూత పట్టకముందే పెరికి ఎరువు గుంటలో వేయవలెను. పూచిన పిమ్మట కుప్ప వేసినచో ఎరువుతోపాటు విత్తనము ఊరంతట చల్లినట్లగును.

పచ్చి కత్తిరింపులను గోశాలకు పంపుట పుణ్యమని చాలమంది పంపుదురు. మంచిదే, కాని ఇక్కడను చూపు అవసరము. కంచెలలో గన్నేరు విరివిగా ఉండును. గన్నేరు ఆకు కొద్దిపాటి తిన్నను పశువు గుండె ఆగి చచ్చును. లాంటానా కాలేయమును చెరచును. కలగలుపు కత్తిరింపుల బండి గోశాల వాకిట దింపి దండము పెట్టి వచ్చినవాడు దానము చేసెనో, విషము పెట్టెనో వెంటనే తెలియదు. గన్నేరును, లాంటానాను వేరుచేయనిదే బండి కదలరాదు.

ఇక కంపోస్టు. శ్రావకునికి నిజమైన చిక్కు ఇక్కడనే ఉన్నది; దానిని దాచిపెట్టి ప్రయోజనము లేదు. 1924 నుండి 1931 వరకు ఆల్బర్ట్ హోవార్డ్ ఇందూరులో ఉండి, భారత చైనా రైతుల అనుభవమును ఆధారము చేసికొని, ఆకు, పేడ, మట్టి పొరలుగా పేర్చి తిరుగవేయు పద్ధతిని స్థిరపరచెను. అది ఇందూరు పద్ధతి. 1939లో బెంగుళూరు విజ్ఞానమందిరమున సి. ఎన్. ఆచార్య గారు గుంటలో నింపి బురదతో కప్పి, తిరుగవేయకుండ ఆరు నుండి ఎనిమిది నెలలు విడిచిపెట్టు పద్ధతిని చెప్పిరి. అది బెంగుళూరు పద్ధతి. నరసాపురమునకు పొరుగూరి విద్య. ఎండుటాకు పాలు హెచ్చుగా, పచ్చి ఆకు పాలు తక్కువగా కలిపి, పిడికిట పిండిన స్పంజివలె తడిగా ఉంచి, గజమెత్తు కుప్ప వేసినచో లోపల 55 నుండి 65 డిగ్రీల వేడి పుట్టును. కలుపు విత్తనములు చచ్చును. జీవులును చచ్చును. ఎరువు చివికిన కొలది సమ్మూర్ఛన జీవులు అసంఖ్యాకముగా పుట్టును. వానపాముల ఎరువు తొట్టెలో రెండింద్రియముల జీవులను తెచ్చి, పెంచి, పని చేయించుట కూడ ఉన్నది. ఇది అహింస యగునా అని నిష్ఠాపరులు అడుగుదురు. అడుగుట న్యాయమే.

సమాధానము హింసయొక్క నాలుగు భేదములలో ఉన్నది. సంకల్పి హింసను గృహస్థుడు పూర్తిగా విడువవలెను. ఆరంభి, ఉద్యోగి, విరోధి హింసలను వీలైనంత తగ్గించుకొనవలెను. కుప్పకు నిప్పు పెట్టువాడు అందులోని జీవులు చచ్చునని ఎరిగియు పెట్టును. తప్పించుకొనుటకు దారి విడువడు. ఆకు నేలలో కలియుట అట్లు కాదు. అడవిలో మనుష్యుడు లేకున్నను అది నడచుచునే యుండును. అక్కడ పుట్టుటయు చచ్చుటయు ఆయా జీవుల కర్మానుసారము. మనుష్యుడు తన చేతినుండి వచ్చు భాగమును మాత్రము తగ్గింపగలడు. ఆ దృష్టితో చూచినచో వేడి కుప్పకంటె చల్లని ఆకుకుప్ప మేలు. ఎండుటాకులను నీడపట్టున నాలుగు కర్రల దడిలో పోసి, అప్పుడప్పుడు తడిపి, తిరుగవేయక ఏడాదికి పైగా విడిచినచో నల్లని ఆకుమట్టి యగును. ఆలస్యమే దాని ఖరీదు. పచ్చి రొట్ట ఎక్కువై వేడి కుప్ప తప్పనిసరియైనచో, కుప్ప వేయకముందు రెండు మూడు దినములు నీడలో పలుచగా పరచి దులిపి, అందున్న త్రసజీవులకు వెడలిపోవుటకు దారి ఈయవలెను. వానపాముల తొట్టె విషయమున మునులయొద్ద అనుమతి కోరుటకంటె దానిని మానుటయే శ్రావకునికి సుకరము. వానపాములు నేలలో తామే ఉన్నవి; ఆకు పరచినచో పిలువకనే వచ్చును, ఇష్టము లేనిచో పోవును. తొట్టెలోని వానికి ఆ స్వేచ్ఛ లేదు.

కూలివాని ప్రశ్న ఇంకను మిగిలియున్నది. "నేను కాల్చలేదు, అతడే కాల్చినాడు" అని యజమాని అనుకొనవచ్చును. తాను చేయుట కృతము, ఇతరునిచే చేయించుట కారితము, చేసినదానిని మెచ్చుకొనుట అనుమోదనము. మూడింటను బంధము కలదని బాలపాఠములోనే ఉన్నది. పెరడు సాయంకాలమునకు శుభ్రము కావలెను, కూలి మాత్రము పూటకే ఇత్తునని బేరమాడినవాడు నోటితో నిప్పు పెట్టుమని చెప్పకున్నను చెప్పినట్లే. ఆకును ఏరి, గన్నేరును వేరుచేసి, పాదులకు మోసి, దడిలో పోయుటకు మరి అరపూట పట్టును. ఆ అరపూట కూలి ముందుగానే ఒప్పుకొని, ఏ కుప్ప ఎక్కడికి పోవలెనో ఉదయమే చూపవలెను. కార్ఖానాల తోటలకు గుత్తకు మనుషులను పెట్టు జైన వర్తకులు ఈ మాటను ఒడంబడికలోనే వ్రాసికొనవచ్చును. కాగితముపై ఒక పంక్తి వ్రాసినచో ఎన్ని కుప్పలు నిప్పు తప్పించుకొనును!

కాలము కూడ చూచుకొనవలెను. ఆషాఢ శుక్ల చతుర్దశినుండి చాతుర్మాస్యము. నేల తడిసి ప్రతి జానెడునను జీవము పుట్టు దినములవి. మునులే కదలక యుందురు. కంచె కొట్టుట, కొమ్మ నరకుట, కుప్ప కదల్చుట అంతకుముందే ముగించుకొనవలెను. మామిడి కత్తిరింపు ఆలస్యమైనచో ఎండుకొమ్మలకు మాత్రము పరిమితము చేసి, తక్కినది వానకాలము దాటనీయవచ్చును. చెట్టేమియు తొందరపెట్టదు. దడిలో పోసిన ఆకు ఆ నాలుగు నెలల వానకు సగమునకు దిగును. కార్తీక పౌర్ణమి గడచిన పిమ్మట దానిని తీయబోవువాడు మొదట పార దింపరాదు. ప్రాతఃకాలమున పై పొరను చేతితో ఎత్తి ప్రక్కన పరచి, వానలకు అందులో చేరినవి తొలగుటకు ఒక పూట వ్యవధి ఇచ్చి, సాయంకాలము చల్లబడిన తరువాత క్రింది నల్లమట్టిని తట్టకెత్తుకొనవలెను.